పంచాయతీ గదికి కంప్యూటరు తెర: కొనుటకు పూర్వము చూడవలసిన విషయములు

కంప్యూటరు కొనుగోలు పంచాయతీ సమావేశమున చర్చకు వచ్చినపుడు సభ్యుల ప్రశ్నలన్నియు పెట్టెను గూర్చియే యుండును. ప్రాసెసరు ఎట్టిది, మెమొరీ ఎంత, ప్రింటరు కూడ వచ్చునా అని అడుగుదురు. తెర విషయము వచ్చుసరికి “కొంచెము పెద్దది తెండు” అను ఒక్క మాటతో తీర్మానము ముగియును. ఇది తగిన పద్ధతి కాదు. పెట్టె బల్ల క్రింద నుండును. దానిని చూచువారు లేరు. కార్యదర్శియు, ఆపరేటరును దినమునకు ఆరేడు గంటలు చూచునది తెరనే. ఫించను కొరకు వచ్చిన వృద్ధురాలి పేరు సరిగా పడినదో లేదో తెలియునదియు తెరమీదనే. పెట్టె పాతబడి మార్చవలసి వచ్చినను, మంచి తెరను అట్లే యుంచుకొని క్రొత్త పెట్టెకు తగిలించుకొనవచ్చును.

2019 అక్టోబరు 2 నుండి ఆంధ్రప్రదేశ్ గ్రామములలో సచివాలయములు ఏర్పడినవి. 2020 ఏప్రిల్ 24న కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ ఇ-గ్రామస్వరాజ్ అను ఏర్పాటును ప్రారంభించినది. నాటినుండి పంచాయతీ ప్రణాళిక, పద్దులు, చెల్లింపులు కంప్యూటరు మీదికి చేరినవి. కొన్ని గ్రామములందు పగలు కార్యాలయమునకు ఉపయోగపడు కంప్యూటరే సాయంకాలము గ్రంథాలయమునకు వచ్చు విద్యార్థులకును, యువకులకును పనికివచ్చుచున్నది. వారు పాఠములు చూచుకొందురు. పాఠములైన పిదప ఆటలాడుదురు. ఇచ్చటనే చిక్కు వచ్చుచున్నది. కార్యాలయపు పనికి నిలకడగా నిలిచిన అక్షరము స్పష్టముగా కనబడవలెను. ఆటకు కదలుచున్న బొమ్మ స్పష్టముగా కనబడవలెను. అంగడివాడు మొదటిదానికి ఒక తెరయు, రెండవదానికి “గేమింగ్ మానిటరు” అని మరియొక తెరయు చూపును. రెండు తెరలు కొనుటకు పంచాయతీకి శక్తి యుండదు. ఒక్క తెరతో రెండు పనులు జరుగునా? జరుగును. ఏ గుణమునకు ధనము వెచ్చించవలెనో, దేనికి వెచ్చించనక్కరలేదో తెలిసియుండిన చాలును.

చుక్కలు, అక్షరములు

తెర కొలతను అంగుళములలో చెప్పుదురు. అది వెడల్పు కాదు. ఒక మూలనుండి ఎదుటి మూలకు గల ఐమూల కొలత. 24 అంగుళముల తెర వెడల్పు సుమారు 53 సెంటీమీటర్లు మాత్రమే. కొలతకంటె ముఖ్యమైనది తెరమీద గల చుక్కల సంఖ్య. ఈ చుక్కలనే పిక్సెళ్లందురు. మన ఆడువారు వాకిట వేయు ముగ్గును తలచుకొనిన ఈ సంగతి తేటపడును. అదే వాకిలిలో చుక్కలు దగ్గర దగ్గరగా పెట్టినచో సన్నని రేకులు తీర్చవచ్చును. దూరముగా పెట్టినచో మోటు గీతలే వచ్చును.

నేడు సాధారణముగా లభించు తెరలలో “ఫుల్ హెచ్.డి.” అనబడు దానియందు అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును, మొత్తము ఇరువది లక్షలపై చిల్లర. దానికి పై తరగతి 2560, 1440 చుక్కలు గలది. మొత్తము సుమారు 37 లక్షలు. అంతకు పైన “4కె” అనబడునది 3840, 2160 చుక్కలతో నుండి, మొత్తము సుమారు 83 లక్షలగును. ఈ చుక్కలు ఎంత స్థలములో పరచబడినవో చూడవలెను. ఫుల్ హెచ్.డి. చుక్కలు 24 అంగుళముల తెరమీద అంగుళమునకు సుమారు 92 పడును. అవే చుక్కలు 27 అంగుళముల తెరమీద 82 మాత్రమే పడును. అనగా పెద్ద తెర తెచ్చితిమని సంతోషించునపుడు అక్షరము మోటుబారినదన్నమాట. 27 అంగుళములు కావలెనన్నచో 2560 చుక్కల తరగతియే కొనవలెను. అపుడు అంగుళమునకు 109 చుక్కలు వచ్చును.

ఇంగ్లీషు అక్షరములకు తక్కువ చుక్కలైనను సరిపుచ్చుకొనవచ్చును. తెలుగునకు అట్లు కాదు. తలకట్టు, గుడి, సుడి, క్రింద వత్తు, దానిక్రింద మరియొక వత్తు, ఇన్నియు ఒక్క అక్షరపు జాగాలో ఇమడవలెను. “థ” కడుపులోని చుక్కకును, “ధ” అడుగునగల చిన్న గీతకును ఉన్న భేదము తెరమీద ఒకటి రెండు పిక్సెళ్లు మాత్రమే. “ప”, “ఫ” ల భేదమును అట్టిదే. ఒక రైతు పేరు భూమి పత్రములో రామనాథమనియు, వేరొక కార్డులో రామనాధమనియు పడినచో ఆ తప్పు దిద్దించుకొనుటకు ఆయన ఎన్ని పర్యాయములు మండల కార్యాలయమునకు తిరుగవలెనో సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఇట్టి తప్పులన్నిటికి తెరయే కారణమని అనుట సరికాదు. ఐనను మసకగా కనబడు అక్షరము అలసిన కంటిని తప్పక మోసగించును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. కొన్ని చోట్ల మానిటరునకు బదులుగా 32 అంగుళముల టెలివిజను తెచ్చి కంప్యూటరునకు తగిలించుచున్నారు. ధర సరసమని తోచును. చూచుటకును ఘనముగా నుండును. చౌకరకపు 32 అంగుళముల టెలివిజనులలో అనేకమునకు 1366, 768 చుక్కలే యుండును. లెక్క వేసినచో అంగుళమునకు 49 చుక్కలు మాత్రమే. ఇది 24 అంగుళముల మానిటరులో సుమారు సగము. అదియునుగాక, కొన్ని టెలివిజనులు బొమ్మ అంచులను కత్తిరించి చూపును. కొన్ని రంగుల వివరమును తగ్గించి చూపుటచే ఎఱ్ఱని అక్షరములు అలికినట్లుండును. మౌసు కదిపిన తరువాత కొంత ఆలస్యముగా బాణపు గుర్తు కదలును. పదిమంది దూరముగా కూర్చుండి వ్యవసాయ ప్రదర్శన చూచుటకు టెలివిజను మంచిదే. మూడడుగుల దూరమునుండి పద్దు వ్రాయుటకు అది సాధనము కాదు.

తెర లోపలి రకములు

నేటి తెరలలో ఎక్కువ భాగము ద్రవస్ఫటికములతో పనిచేయునవి. ద్రవమువలె ప్రవహించుచు స్ఫటికమువలె క్రమము గలిగిన ఈ వింత పదార్థమును 1888లో ఫ్రెడరిక్ రైనిట్జర్ అను ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు గుర్తించెను. మన దేశమునకును ఈ శాస్త్రమున చోటు కలదు. 1977లో బెంగుళూరు రామన్ పరిశోధనాలయమున ఎస్. చంద్రశేఖర్, ఆయన సహచరులు బిళ్లల ఆకారపు అణువులు గల క్రొత్త జాతి ద్రవస్ఫటికములను కనుగొని లోకమునకు తెలిపిరి. అంగడిలోని తెరలు ఆ జాతివి కావు. ఐనను తెర వెనుకనున్న శాస్త్రము మనకు పరాయిది కాదని తెలియుటకు ఈ మాట వ్రాసితిమి.

కొనువారు తెలియవలసిన రకములు మూడు: టి.ఎన్., వి.ఏ., ఐ.పి.ఎస్. మొదటిది చౌక, ఎదురుగా కూర్చున్నవానికే సరిగా కనబడును. ప్రక్కనుండిగాని, పైనుండిగాని చూచినచో రంగులు మారిపోవును. వి.ఏ. రకమున నలుపు గాఢముగా నుండును; తెలుపునకు నలుపునకు గల తారతమ్యము 3000కు 1 వరకును, అంతకు మించియు నుండును. కాని చీకటి బొమ్మలు కదలునపుడు వెనుక మసక తోక లాగినట్లు కనబడుట కలదు. ఐ.పి.ఎస్. రకమున తారతమ్యము సాధారణముగా 1000కి 1 మాత్రమే. రాత్రివేళ దీపము తీసి చూచినచో నలుపు కొంచెము బూడిదరంగుగా తోచును. ఐనను ఏ ప్రక్కనుండి చూచినను రంగు, అక్షరము మారవు.

పంచాయతీ గదికి ఐ.పి.ఎస్. తగినదని మా అభిప్రాయము. ఆ గదిలో తెరను ఒక్కడు చూడడు. ఆపరేటరు కూర్చుండియుండగా సర్పంచి ప్రక్కన నిలిచి చూచును. అర్జీదారు బల్ల మీదుగా వంగి తన పేరు వెదకుకొనును. ఓ.ఎల్.ఇ.డి. అను నాలుగవ రకమొకటి కలదు. ఆటలకు అది అతి సుందరము. కాని ఒకే బొమ్మ గంటల తరబడి కదలక నిలిచినచో ఆ గుర్తు తెరమీద శాశ్వతముగా మిగిలిపోవచ్చును. దినమంతయు ఒకే పట్టిక తెరచియుంచు కార్యాలయమునకు అది పనికిరాదు. దాని ధరయు పంచాయతీలకు అందునది కాదు.

వంపు తెరలు, కంటిని ఆకర్షించు రంగుదీపముల అమరికలు పనికి మేలుచేయవు. “హెచ్.డి.ఆర్.” అను ముద్రయు చౌకరకపు తెరలమీద అలంకారమే.

ఆటల సంగతి

సినిమా రీలులో సెకనుకు 24 బొమ్మలు నడచునని చాలమంది ఎరుగుదురు. కంప్యూటరు తెర సెకనుకు ఎన్ని పర్యాయములు బొమ్మను మార్చునో ఆ సంఖ్యను హెర్ట్జ్ లలో చెప్పుదురు. పాత తెరలకు 60. నేడు సామాన్య ధరకే 75, 100 గలవి వచ్చుచున్నవి. ఆటలకని అమ్మునవి 144, 165, 240, అంతకు మించియు నుండును. 60 హెర్ట్జ్ తెర ఒక బొమ్మను సెకనులో వెయ్యింట పదునారుకుపైగా భాగములు నిలుపును. 100 గలది పది భాగములు. 144 గలది ఏడు భాగములు. ఆటలో ఒక బంతి అరసెకనులో తెరను ఈ అంచునుండి ఆ అంచునకు దాటినదనుకొందము. 24 అంగుళముల తెరపై 60 హెర్ట్జ్ లో అది 30 చోట్ల కనబడును. ఒక చోటికిని మరియొక చోటికిని మధ్య ఎడము ఒకటిముప్పాతిక సెంటీమీటరు. 100 హెర్ట్జ్ లో 50 చోట్ల కనబడి ఎడము ఒక సెంటీమీటరు చిల్లరకు తగ్గును. 144లో 72 చోట్ల కనబడి ముప్పాతిక సెంటీమీటరు లోపునకు వచ్చును. 60 నుండి 100కు పోవుటలో కలుగు మేలు కంటికి తెలియును. అటుపైన మేలు క్రమముగా తగ్గును, ధర క్రమముగా పెరుగును.

ఈ గుణము ఆటకే కాక కార్యాలయమునకును ఉపకరించుననుట గమనింపదగినది. పొడుగైన పన్నుల జాబితాను పైకి క్రిందికి జరుపునపుడు 100 హెర్ట్జ్ తెరమీద పేర్లు చెదరక కనబడును. కావున రెండు అవసరములును కలియు చోటు ఇదే.

తెర ఒక్కటే ఆటను నడపదు. సెకనుకు 144 బొమ్మలు చూపగల తెర యుండినను, అన్ని బొమ్మలు గీయగల శక్తి పెట్టెలో నుండవలెను. కార్యాలయమునకు కొను సామాన్య కంప్యూటరులో వేరుగా గ్రాఫిక్స్ కార్డు ఉండదు. అది భారమైన ఆటలలో సెకనుకు ముప్పది నలుబది బొమ్మలు గీయుటకే ఆయాసపడును. బక్క యెద్దులకు పెద్దబండి కట్టిన చందమగును. చదరంగమాడువారికి 60 హెర్ట్జ్ సమృద్ధిగా చాలును. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లోను, 2024లోను ప్రపంచ ర్యాపిడ్ చదరంగ విజేతయైనది. వరంగల్లున పుట్టిన అర్జున్ ఇరిగైసియు ప్రపంచఖ్యాతి గడించినాడు. వారి దారిన నడువగోరు పిల్లవానికి ఖరీదైన తెరతో నిమిత్తము లేదు.

అంగడివారు “ఒక మిల్లీసెకను” అని పెద్ద అక్షరములతో చూపు అంకె వేరొకటి. చుక్క ఒక రంగునుండి మరియొక రంగునకు మారుటకు పట్టు కాలమది. మిక్కిలి అనుకూలమైన పరిస్థితులలో కొలిచిన అంకెనే అట్టపెట్టెమీద వేయుదురు గనుక దానిని నమ్మి అధిక ధర ఇయ్యరాదు. పెట్టె గీయు వేగమును, తెర మార్చు వేగమును జతపరచు “అడాప్టివ్ సింక్” అను ఏర్పాటు మాత్రము ఉపయోగకరము. వేసా అను ప్రమాణ సంస్థ 2014లో దీనిని ప్రమాణముగా చేసినది. ఇది లేనిచో వేగముగా కదలు బొమ్మ నడుమ చిరిగినట్లు కనబడును. నేడు చౌక తెరలలోను ఇది కలదు.

తెర తెచ్చిన పిదప చాలమంది మరచు పని యొకటి కలదు. 100 హెర్ట్జ్ తెరను తగిలించినను, కంప్యూటరులోని డిస్‌ప్లే అమరికలలో ఆ సంఖ్యను ఎన్నుకొననిచో అది 60 వద్దనే పనిచేయుచుండవచ్చును. ధనమిచ్చి కొన్న గుణము ఏండ్లకొలది నిద్రించును.

గ్రామ గదిలో ఆటలు ఆడనిచ్చుట తగునా యని పెద్దలు సంశయింతురు. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో కంప్యూటరు ఆటలకు పతకములిచ్చిరి. 2022 డిసెంబరులో భారత ప్రభుత్వమును వీనిని క్రీడావిభాగమునకు చేర్చినది. ధనము పణముగా పెట్టు ఆటలు వేరు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టము ఆన్‌లైను డబ్బు ఆటలను, వాని ప్రకటనలను నిషేధించినది. పంచాయతీ గదిలోని కంప్యూటరుమీద అట్టివి తెరువబడకుండ చూచుట సభ్యుల బాధ్యత. సమయము, వంతు నిర్ణయించి, తక్కిన ఆటలను ఆడనిచ్చుటలో దోషము లేదు. బడి పిల్లలు గదికి వచ్చుటకు అదియు ఒక కారణమగును.

కన్ను, మెడ

పనిచేయువాని ఆరోగ్యమును గూర్చి తీర్మానములలో ఎక్కడను వ్రాయరు. తెర పై అంచు కూర్చున్నవాని కంటి మట్టమునకుగాని, దానికి కొంచెము దిగువగాగాని యుండవలెను. చౌక తెరల పీట ఎత్తు మారదు. ముందు వెనుకలకు మాత్రము వంగును. అందుచే ఆపరేటరు దినమంతయు మెడ వంచి పనిచేయును, లేదా పాత రిజిస్టర్లను పేర్చి వానిమీద తెర నిలుపును. రిజిస్టర్లు అవసరమైనపుడు తెర దిగవలసి వచ్చును! ఎత్తు మార్చగల పీట గల తెరకు కొంత అధికమైనను ఇచ్చుట మేలు. ఆటలకై 144 హెర్ట్జ్ కొనుటకు వెచ్చించు ధనమును దీనికి వెచ్చించిన సార్థకమగును. పగలు పెద్దవాడును, సాయంకాలము బడిపిల్లవాడును కూర్చుండు చోట ఇది మరింత అవసరము. అట్టి పీట దొరకనిచో వెనుక నాలుగు మూలల మరరంధ్రములు, 75 లేక 100 మిల్లీమీటర్ల ఎడములో, గలవో లేవో చూడవలెను; గోడకుగాని, చేతి కొక్కెమునకుగాని తరువాత బిగించుకొనవచ్చును.

తెర కంటికి చేయి చాచినంత దూరములో నుండవలెను. కిటికీగాని, వాకిలిగాని తెరకు ఎదురుగా నున్నచో వెలుగు దానిపై మెరయును. తెర వెనుక నున్నచో కంటిలో గ్రుచ్చుకొనును. ప్రక్కగా నుండుట ఉత్తమము. మన గదులకు తలుపులు తెరచియే యుండును గనుక అద్దమువలె మెరయు తెర కాక, మెరుపులేని ఉపరితలము గలది కొనవలెను. తెరమీది తెల్లని పుట ప్రక్కనున్న తెల్లకాగితమంతటి వెలుగులో కనబడునట్లు వెలుతురు సవరించుకొనవలెను.

నీలికాంతి కంటిని చెరచునని భయపెట్టి ప్రత్యేక అద్దములు అమ్మువారు బయలుదేరినారు. తెరల నీలికాంతివలన కంటికి హాని కలుగునని నిరూపింపబడలేదనియు, ఆ అద్దములు అవసరము లేదనియు అమెరికా నేత్రవైద్యుల అకాడమీ తెలిపినది. అలసటకు అసలు కారణము రెప్ప వేయక చూచుట. ఇరువది నిమిషములకొకసారి ఇరువది అడుగుల దూరమునకు ఇరువది సెకనులు చూడవలెనని వైద్యులు చెప్పుదురు. వాకిలిలోని వేపచెట్టును చూచినను సరియే. కొన్ని తెరలు వెలుగు తగ్గించినపుడు కంటికి తెలియనంత వేగముగా మినుకుమినుకుమనుచుండును. కొందరికి తలనొప్పి కలిగించును. వెలుగు తగ్గించి సెల్‌ఫోను కెమెరాతో చూచినపుడు నల్లని పట్టీలు కదలుచు కనబడినచో అది ఆ జాతిదని అనుమానింపవచ్చును.

కొనుగోలు, తనిఖీ

పాత పెట్టెకు క్రొత్త తెర కొనునపుడు పెట్టె వెనుక ఏ రంధ్రము గలదో చూచి పోవలెను. మూడు వరుసల సూదిరంధ్రములు గల వి.జి.ఏ. 1987 నాటిది, క్రొత్త తెరలలో అది కొన్నిటికే కలదు. హెచ్.డి.ఎం.ఐ. నేడు సర్వసామాన్యము, డిస్‌ప్లే పోర్ట్ మంచిదే. వి.జి.ఏ. మాత్రమే గల పెట్టెను హెచ్.డి.ఎం.ఐ. మాత్రమే గల తెరకు కలుపుటకు మార్పిడి పరికరము కావలెను. దీనిలో దిక్కు కలదు: హెచ్.డి.ఎం.ఐ. నుండి వి.జి.ఏ. కు మార్చునది ఎదురు దిక్కున పనిచేయదు. తీగ అట్టపెట్టెలోనే వచ్చునా, వేరుగా కొనవలెనా అని ముందే అడుగవలెను.

2023 ఏప్రిల్ 24, పంచాయతీరాజ్ దినమున ఇ-గ్రామస్వరాజ్ ను ప్రభుత్వ ఇ-మార్కెట్టుతో జతపరచిరి. దానిద్వారా కొనినను, స్థానికముగా ధరల పట్టీలు తెప్పించి కొనినను, తీర్మానమున కంపెనీ పేరు వ్రాయరాదు, గుణములు వ్రాయవలెను. మా సూచన ఇది: “24 అంగుళములు, 1920, 1080 చుక్కలు, ఐ.పి.ఎస్. రకము, 100 హెర్ట్జ్ కు తక్కువ కానిది, మెరుపులేని ఉపరితలము, ఎత్తు మార్చగల పీట, హెచ్.డి.ఎం.ఐ. రంధ్రము, అడాప్టివ్ సింక్, కార్యాలయమునకే వచ్చి బాగుచేయు మూడేండ్ల హామీ.” చివరి మాటను విడువరాదు. హామీ కలదని చెప్పి, తెరను మీరే పట్టణమునకు మోసికొని రావలెనను వర్తకులు కలరు. అందుకే అట్టపెట్టెను, లోపలి తెల్లని అట్టలను పారవేయక అటకపై నుంచవలెను. ధరలు మాసమాసమునకు మారును గనుక ఇచ్చట వ్రాయుటలేదు. 32 అంగుళములు మించిన మానిటర్లమీద 28 శాతముగా నుండిన జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి 18 శాతమైనదని మాత్రము బిల్లు చూచువారు గుర్తుంచుకొనవలెను.

తెర వచ్చిన దినముననే సభ్యులలో ఒకరిద్దరు దగ్గర నుండి పరీక్షించుట మంచిది. తెరనంతయు తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలము చేసి చూచినచో పనిచేయని చుక్కలు బయటపడును. వెనుక చీటీమీద భారతీయ ప్రమాణముల సంస్థ నమోదు గుర్తు, సంఖ్య గలవో లేవో చూచి, క్రమసంఖ్యను స్టాకు రిజిస్టరులో ఎక్కించవలెను. విద్యుత్ ఖర్చు భయము లేదు. 20 వాట్ల తెర రోజుకు 8 గంటల చొప్పున నెలకు 25 దినములు వెలిగినను నాలుగు యూనిట్లే యగును. కాని ఎర్తింగు లేని ప్లగ్గుకు తగిలింపరాదు.

పాత గాజుగొట్టపు తెరలు ఇంకను కొన్ని కార్యాలయముల మూలలందు పడియున్నవి. వాని గాజులో సీసము కలదు. తొలితరము పలుచని తెరల దీపములలో పాదరసము కలదు. రాగి కొరకు వానిని పగులగొట్టి తగులబెట్టువారికి అమ్మినచో ఆ విషము మన చెరువునకే చేరును. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్న ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమముల ప్రకారము వీనిని నమోదైన శుద్ధి సంస్థలకే అప్పగించవలెను. అప్పగించిన తేదీని, తీసికొన్నవారి రసీదు సంఖ్యను క్రొత్త తెర ఎక్కిన స్టాకు రిజిస్టరు పుటలోనే వ్రాసి, సర్పంచి సంతకము చేయించవలెను.